పొరుగువాడెవ్వడు? — ‘గబ్బిలము’న ప్రేమధర్మము

గుర్రం జాషువ (1895–1971) కావ్యములను మన విమర్శకులు సాధారణముగా రెండు తెగలుగా విభజించుచున్నారు. ‘క్రీస్తు చరిత్ర’ మతకావ్యమనియు, ‘గబ్బిలము’ సాంఘిక కావ్యమనియు వారి విభాగము. మొదటిదానికి 1964లో సాహిత్య అకాడమి బహుమానము లభించినది. రెండవది 1941లో వెలువడిన నాటినుండి నేటివరకు పాఠకుల నోళ్ళలో నిలిచియున్నది. ఈ విభాగము పాఠ్యప్రణాళికలకు అనుకూలమే. కాని కవిహృదయమును గ్రహించుటకు ఇది అడ్డుగా నున్నదని మా అభిప్రాయము. క్రైస్తవధర్మమునకు ఆయువుపట్టయిన పరప్రేమ ఆచరణమున నెట్టి పరీక్షకు గురియగునో తెలుగు పద్యమున వెదకదలచినవారు, శివునకు విన్నపముగా వ్రాయబడిన ‘గబ్బిలము’ను విడిచిపెట్టుటకు వీలులేదు.

పరప్రేమను గూర్చిన ఆజ్ఞ క్రీస్తు క్రొత్తగా చెప్పినది కాదు. అది యూదుల ధర్మశాస్త్రమునందలి లేవీయకాండముననే కలదు. లూకా సువార్త పదవ అధ్యాయమున ధర్మశాస్త్రజ్ఞుడొకడు ఆ ఆజ్ఞను తానే చెప్పి, పిమ్మట తన పొరుగువాడెవ్వడని క్రీస్తును ప్రశ్నించును. తెలుగు బైబిలు అనువాదకులు ఇచ్చట గ్రహించిన పదము ‘పొరుగువాడు’. గ్రీకు మూలమునందలి పదమునకును సమీపస్థుడనియే అర్థము గనుక అనువాదమున దోషములేదు. అయినను ఈ పదము తెలుగుదేశమున అడుగిడినంతనే ఒక చిక్కు ఏర్పడినది. మనకు ఇరుగుపొరుగనగా ఇంటిప్రక్క ఇండ్లు. మన పల్లెలలో ఇండ్లు కులముననుసరించి కట్టబడినవి. బ్రాహ్మణునకు పొరుగు బ్రాహ్మణుడు, కాపునకు పొరుగు కాపు. మాలపల్లెయు మాదిగపల్లెయు ఊరికి వెలుపల. కావున పదమును వాచ్యార్థముననే గ్రహించినచో, పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ తన కులమువానిని ప్రేమింపుమను ఆజ్ఞగా పరిణమించును. అట్టి ప్రేమకు ఏ దైవాజ్ఞయు అక్కరలేదు. ధర్మశాస్త్రజ్ఞుని ప్రశ్న యూదయకంటె మన ఊళ్ళలోనే ఎక్కువ ప్రాణముతో నిలిచియున్నది.

క్రీస్తు ఆ ప్రశ్నకు నిర్వచనమీయక ఒక కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకు పోవు త్రోవలో దొంగలచే దెబ్బలు తిని పడియున్న వానిని ఒక యాజకుడు చూచి ప్రక్కగా తొలగిపోయెను. లేవీయుడును అట్లే పోయెను. యూదులు దూరముగా నుంచిన సమరయుడొకడు ఆగి, గాయములపై నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టి, తన వాహనముపై నెక్కించి, సత్రమునకు చేర్చి, రెండు దేనారములిచ్చి, ఎక్కువ వ్యయమైనచో మరలివచ్చినప్పుడు చెల్లింతునని మాట యిచ్చెను. ఈ కథనమున గమనింపదగినది ఒకటి కలదు. సమరయుడు జాలిపడెనని ఒక్క మాట చెప్పి, అటుపై సువార్తకారుడు చెప్పినదంతయు అతని పనియే, అతని వ్యయమే. కథాంతమున క్రీస్తు ప్రశ్ననే తలక్రిందులు చేసెను: ఈ మువ్వురిలో పడినవానికి పొరుగువాడైనదెవ్వడు? పొరుగు అనునది ఇంటి స్థలమువలన కలుగునది కాదు, పనివలన ఏర్పడునది అని తాత్పర్యము.

ఇక ‘గబ్బిలము’ను చూతము. కాళిదాసు మేఘసందేశమున యక్షుడు ప్రియురాలికి మేఘముచే వార్త పంపెను. జాషువ నాయకుడు అరుంధతీయ కులమున పుట్టిన పేదవాడు. అతని బాధ విరహము కాదు, ఆకలియు అస్పృశ్యతయు. అతడు కాశీనాథునకు తన జీవితకథను నివేదింపదలచును. దానిని చేరవేయుటకు మనుష్యులలో నొక్కడును దొరకడు. గబ్బిలము గుడిలో వ్రేలాడునది గనుక దానికి శివుని చెవి దగ్గర. పూజారి లేని సమయము చూచి తన కథ చెప్పుమని అతడు దానిని వేడుకొనును. సువార్తకథలో యాజకుడు పడినవానిని చూచి తొలగిపోవును. ఇచ్చట పడినవాడే యాజకుడు తొలగు క్షణమునకై నిరీక్షించును. దైవమునకు స్థానమున సమీపుడైనవాడు బాధితునకు సమీపుడు కాలేకపోయెనను సత్యము రెండు కథలలోను ఒక్కటియే.

మరియొక విశేషము. గబ్బిలము ఇల్లు చొచ్చిన అశుభమని మనవారు దానిని తరుముదురు. ఈ నాయకుడు దానిని తరుమక, పక్షులకు రాణిగా సంభావించి పలుకరించెను. కావ్యమున మొదటి పొరుగుతనము ఊరినుండి రాలేదు. ఊరు వెలివేసిన గుడిసెలో, వెలియైన మనుష్యునకును వెలియైన ప్రాణికిని మధ్య అది పుట్టినది. తాను పడియుండియు మరియొక జీవికి పొరుగువాడైన ఈ నాయకుడు, ఆ మేరకు సమరయుని స్థానమున నిలిచినాడు.

శివునకు పంపిన సందేశమున క్రైస్తవధర్మమును చూచుట బలవంతపు అన్వయము కాదా అని కొందరు ఆక్షేపింపవచ్చును. కావ్యము సువార్తకు రూపకమని మేము చెప్పుటలేదు. సువార్తకథలో పొరుగువాడైనది అన్యుడైన సమరయుడు గాని స్వమతస్థుడు కాడని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము. ప్రేమధర్మమునకు మతనామము గుర్తు కానేరదని ఆ కథయే చెప్పుచుండగా, నాయకుని దైవనామమును బట్టి ఈ కావ్యమును వేరుపరచుట న్యాయము కాదు.

రసవిషయమున మన బోధనారీతిని కూడ పునఃపరిశీలింపవలసియున్నది. తరగతులలో ‘గబ్బిలము’ను కరుణరసకావ్యముగా చెప్పి విరమించుట పరిపాటి. కరుణమునకు స్థాయి శోకము. వీరమునకు స్థాయి ఉత్సాహము. అనంతరాలంకారికులు వీరమున దయావీరమను భేదమును గ్రహించిరి. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దానికి జీమూతవాహనుని ఉదాహరించెను. ‘నాగానందము’న ఆ విద్యాధరుడు తన జాతివాడు కాని నాగుని కొరకు తన దేహమును గరుడునకు అర్పించెను. సమరయుని కథయు ఈ కోవలోనిదే. అతని జాలి శోకమున నిలువక నూనెగను, ప్రయాణముగను, ధనముగను మారినది. పరప్రేమ సాహిత్యమున ప్రవేశించినప్పుడు దానికి తగిన రసస్థానము దయావీరమే గాని కేవలకరుణము కాదని మా నిశ్చయము.

ఈ కొలతతో చూచినచో ‘గబ్బిలము’న దయావీరుడు పూర్ణరూపమున కనబడడు. నాయకుడు ఒక ప్రాణిని ఆదరించెనే గాని, అతని గాయమును కట్టిన చేయి కావ్యమున లేదు. గబ్బిలము వార్త మోయగలదు, అంతకుమించి చేయజాలదు. లోకమునకు అన్నము పెట్టువాడు అన్నములేకయే నిలిచియుండును. ఇది కావ్యమునకు కొరత యని మేము భావింపము. అట్టి చేయి ఒకటి కల్పించి చూపియున్నచో, కవి లేనిదానిని ఉన్నట్లు చెప్పినవాడయ్యెడివాడు. ఆ స్థానమును అతడు ఖాళీగా విడిచినాడు, పాఠకుడు ఆ త్రోవను పోవుచునేయున్నాడు.

కావున ‘గబ్బిలము’ను బోధించువారు మేఘసందేశముతో సామ్యములను లెక్కించి, కరుణరసమునకు లక్ష్యములను చూపి, గ్రంథమును మూసినచో, అది ప్రక్కగా తొలగిపోవుటయే యగును. తరగతిలో వెనుక వరుసన కూర్చున్న విద్యార్థి ఏ పల్లెనుండి వచ్చెనో, అతని భోజనవసతి ఎట్లున్నదో తెలిసికొనుటయు ఈ పాఠమున భాగమే. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) మొదలుకొని అస్పృశ్యతను వస్తువుగా గ్రహించిన తెలుగు రచనలలో దయ ఎచ్చట శోకమున ఆగినదో, ఎచ్చట ఉత్సాహమై పనికి పూనుకొన్నదో పరిశోధకవిద్యార్థులు క్రమముగా పరిశీలింతురుగాక.