చావింటి పాటలో ఆడగొంతు

తిరువళ్లూరు జిల్లా కాట్టుపల్లి రేవు నుంచి తీరం వెంట దక్షిణానికి వస్తే ఎన్నూరు, తిరువొత్తియూరు దాటాక రాయపురం. రేవు కూలీలు, జాలర్లు, రిక్షా కార్మికులు బతికిన ఈ ఉత్తర మద్రాసుకు సొంత పాట ఒకటుంది. అది గానా. మగవాళ్ల సొత్తుగా ఉండిపోయిన ఆ పాటను వేదికెక్కి తనది చేసుకున్న తొలి మహిళగా పేరుపడ్డ ఇసైవాణి ఈ పేటల బిడ్డే.

గానాకు పుట్టిల్లు చావిల్లు. శవం దగ్గర రాత్రంతా మేలుకునేవాళ్ల కోసం పాడేది మరణ గానా. పోయినవాడి పేరు, పేట, చేసిన పని, మంచీచెడూ అన్నీ చరణాల్లోకి వస్తాయి. ఏడుస్తున్నవాళ్లే మధ్యలో నవ్వుతారు. అప్పటికప్పుడు కట్టాలి కనుక పనితనమంతా వేగంలోనే ఉంది. తెలిసిన సినిమా బాణీ పట్టుకుని మాటలు మార్చేస్తారు. అంత్యప్రాస పడితే చాలు, గణాల లెక్క లేదు. మాటలు ఎక్కువైతే గబగబా తోసేస్తారు, తక్కువైతే సాగదీస్తారు. దెబ్బ మాత్రం తప్పకూడదు. దానికి డోలక్ దొరక్కపోతే డబ్బా, బల్ల, అగ్గిపెట్టె ఏదైనా సరే. పల్లవిని చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. ఆలోపు గాయకుడికి తర్వాతి చరణం తట్టాలి. భాష పేటలో మాట్లాడుకునేదే: తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసిపోయిన మద్రాసు తమిళం.

1990ల్లో సంగీత దర్శకుడు దేవా దీన్ని సినిమాల్లో మోగించారు. 2012లో దర్శకుడు పా. రంజిత్ తీసిన ‘అట్టకత్తి’ సినిమాతో గాయకుడు గానా బాల పేరు మారుమోగింది. పేరొచ్చినవాళ్లంతా మగవాళ్లే. ఎవరూ రాసిపెట్టిన నిషేధం కాదది. గురువు దగ్గర కాక రాత్రిపూట వీధిలో వినీ వినీ నేర్చుకునే విద్య, ఆ వేళకు గడప దాటనివ్వని ఆడపిల్లకు ఎలా అబ్బుతుంది?

ఇసైవాణికి ఆ అడ్డు దాటే దారి ఇంట్లోనే దొరికింది. తండ్రి సంగీత వాద్యకారుడు. చిన్నప్పుడే ఆమె వేదికలెక్కి సినిమా పాటలు పాడారు. 2017లో రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి ‘ది కాస్ట్‌లెస్ కలెక్టివ్’ బ్యాండు కట్టినప్పుడు అందులో చేరిన ఏకైక మహిళ ఆమే. 2018 జనవరి 6న చెన్నై కీల్పాక్‌లో తొలి కచేరీ. గానా, ర్యాప్, రాక్ ఒకే వేదిక మీద, గిటారు పక్కన పరై డప్పు. సినిమా పాట ఆడగొంతును తీపిగా, సన్నగా ఉండమంటుంది. గానాకు కావలసింది ఛాతీలోంచి వచ్చే గొంతు, చివరి వరుసలోని మనిషికి తగిలేలా విసిరే మాట. ఇసైవాణి అలాగే పాడారు.

‘ఐయామ్ సారీ అయ్యప్పా’ పాట గుడి ప్రవేశంతో మొదలై ఆడవాళ్ల మీది ఆంక్షలనే నిలదీస్తుంది. ఇక్కడ గానాలోని చనువు పనికొచ్చింది. పోయినవాడిని పేరు పెట్టి పలకరించే పాటకు దేవుణ్ణి పలకరించడం కొత్తేమీ కాదు. 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో ఆమె పేరు చేరింది. 2021లో తమిళ బిగ్‌బాస్‌లో కనిపించారు. 2024లో అదే అయ్యప్ప పాట మీద మళ్లీ వివాదం రేగి, బెదిరింపులూ ఎదుర్కొన్నారు.

మగవాళ్ల పాటలోకి ఆడవాళ్లు ఇలా దారి చేసుకోవడం మరోచోటా జరిగింది. గిటారు మీద మూడు స్వరమేళాలు (కార్డ్స్) వస్తే ఎవరైనా బ్యాండు కట్టొచ్చన్నది పంక్ సంగీతం ధీమా. ఆ ‘ఎవరైనా’లో అమ్మాయిలూ ఉన్నారని చూపించిన కొద్దిమందిలో లండన్‌కు చెందిన పాలీ స్టైరీన్ ఒకరు. సోమాలీ తండ్రికి, బ్రిటిష్ తల్లికి పుట్టిన ఆమె 1976లో సెక్స్ పిస్టల్స్ కచేరీ చూసి ‘ఎక్స్-రే స్పెక్స్’ కట్టారు, మరుసటి ఏడాదే తొలి రికార్డు తెచ్చారు. మన తెలుగునాటా ప్రజానాట్యమండలి రోజుల్లో మహిళలతో బుర్రకథ దళం కట్టిన మోటూరి ఉదయం ఉన్నారు. జనం పాట అన్నంత మాత్రాన అందులో ఆడవాళ్లకు చోటు దానంతటదే రాదని ఈ ముగ్గురి దారీ చెబుతుంది.

గానా విలువ ఇక్కడే తేలుతుంది. పత్రికల్లో, పుస్తకాల్లో చోటు దొరకని మనిషి బతుకును పేరుతో సహా నలుగురి ముందు చెప్పే పాట అది. ఇసైవాణికి కచేరీ వేదిక దక్కింది. చావింటి రాత్రి ఇంకా చాలావరకు మగవాళ్లదే. పేటలో ఒక ముసలమ్మ పోయిన రాత్రి, ఆమె చాకిరీని, ఆమె చమత్కారాన్ని మరో స్త్రీ కూర్చుని పాడగలిగితేనే గానా పేట మొత్తానికీ సొంతమైనట్టు.