చిన్న టార్చి, నాలుగు ప్రశ్నలు

"నాయనా, నీ పేరేంది? ఇప్పుడు యాడుండావు?"

కర్నూలు పెద్దాసుపత్రిలో తలకు దెబ్బ తగిలిన మనిషిని నర్సమ్మ ఇలా అడిగితే పలకరింపులాగే ఉంటుంది. నిజానికి పరీక్ష మొదలైపోయింది. కళ్లు వాటంతటవే తెరిచాడా, పిలిస్తేనా, నొప్పి కలిగిస్తేనా? మాటలో పొంతన ఉందా? చెప్పినట్టు చెయ్యి కదిపాడా? కంటికి ఎక్కువలో ఎక్కువ 4 మార్కులు, మాటకు 5, కదలికకు 6. మొత్తం 15, తక్కువలో తక్కువ 3. 1974లో గ్లాస్గోలో టీజ్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు కట్టిన కొలత ఇది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది తేదీ అడిగే తీరు. వయసు మళ్లిన రైతు తేదీ చెప్పలేకపోతే మతి తప్పినట్టు కాదు. "ఈ పొద్దు ఏం వారం? శెనక్కాయ ఏసి ఎన్నాళ్లయింది పెద్దాయనా?" అని తిప్పి అడిగే నర్సుకు మెదడూ తెలుసు, మెట్టసేద్యమూ తెలుసు. జవాబు సరో కాదో పక్కనున్న కూతురిని అడిగి తేల్చుకుంటుంది.

తర్వాత తన వేళ్లను అతని రెండు చేతులకూ ఇచ్చి ఒకేసారి గట్టిగా పట్టుకోమంటుంది. కడప బండల గనిలో గడ్డపార పట్టినవాడైతే కుడిచెయ్యి కాస్త బలంగా ఉండడం సహజమే. ఇందాకటికన్నా ఎడమది సడలిందా అన్నదే లెక్క. టార్చి వెలుగుకు ఒక కంటిపాప ముడుచుకోకుండా పెద్దదిగా నిలిచిపోతే, వెంటనే డాక్టరుకు కబురు.

గంట తర్వాత మళ్లీ టార్చి, మళ్లీ అవే ప్రశ్నలు. ఆయన విసుక్కుంటాడు. "ఇందాకే చెప్తిని గదమ్మా, కర్నూలు ఆసుపత్రి అని!"

ఆమె మొహం వెలుగుతుంది. మాట గడిలో 5 వేస్తుంది.