పేరు దాచుకున్న శిబిరం

పల్లె చర్చి గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శ మిషనరీల దగ్గర మొదలై మిషనరీల దగ్గరే ఆగిపోతుంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారన్న లెక్క, దాని పక్కన క్లౌ దొర పేరు అందరూ రాస్తారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి ముంచింది తెలుగు బోధకులే అన్న సంగతి తక్కువమంది రాస్తారు. అంతకు ఎంతో ముందే తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య ఊళ్ళు తిరిగి చెప్పకపోతే ఆ రోజే లేదన్నది ఇంకా తక్కువమంది రాస్తారు. ఇచ్చినవాడి చరిత్ర మనకుంది. తీసుకుని తనదిగా చేసుకున్నవాడి చరిత్ర లేదు. అందుకే పల్లె యువజన క్యాంపు లాంటి చిన్న విషయాన్ని కూడా ఒక పాఠంగా చదవాలని మేము అనుకుంటున్నాం.

ఎండాకాలం సెలవుల్లో మూడు రోజుల క్యాంపు అంటే ఏమిటి? చర్చి ముందు పందిరి, కింద పట్టాలు, ఇంటింటికీ తిరిగి పోగుచేసిన బియ్యం, కందిపప్పు. అద్దెకు తెచ్చిన మైకు. పొద్దున వాక్యం, మధ్యాహ్నం క్విజ్, రాత్రికి స్కిట్. బళ్ళో వెనక బెంచీలో నోరెత్తని పిల్లోడు ఇక్కడ ఫరో చక్రవర్తి అవుతాడు. పదో తరగతి తప్పిన అమ్మాయి సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడుతుంది. గొంతు వణుకుతుంది. "చెప్పమ్మా, చెప్పు" అని వెనక నుంచి ఎవరో పెద్దామె అంటుంది. ఆమె చెబుతుంది. ఊరి రచ్చబండ మీద మాట్లాడే హక్కు లేని మనుషులు మైకు ముందు మాట్లాడటం నేర్చుకున్న చోటు అది. తర్వాత సంఘాల్లో, యూనియన్లలో, దళిత ఉద్యమంలో మైకు పట్టుకున్న చేతుల్లో కొన్ని మొదట ఇక్కడ పట్టుకున్నవే. దైవశాస్త్రం ఏం చెప్పినా, సామాజికంగా క్యాంపు చేసిన పని ఇది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఎండాకాలం క్యాంపుల్లేవు. 2021 మేలో రెండో అల ముంచుకొచ్చినప్పుడు మేము కొందరం కలిసి నాలుగు పల్లెల పిల్లలకి ఆన్‌లైన్‌లో క్యాంపు పెట్టాం. మాలో పరిశోధకులున్నారు, టీచర్లున్నారు. అందరం పల్లె చర్చిల్లో పెరిగినవాళ్ళమే. ఆంధ్రాలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. పొద్దున పెద్దవాళ్ళు ఉపాధి పనికి పోతే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళతోనే పోయేది. కాబట్టి క్యాంపు సాయంత్రానికి జరిగింది. డబ్బు కట్టని జూమ్‌లో నలభై నిమిషాలకి మీటింగ్ తెగిపోయేది. ప్రార్థన సగంలో ఉండగా తెగేది. మళ్ళీ లింకు పంపి అందరినీ పోగుచేసేసరికి పావుగంట. లింకు అందనివాళ్ళకి ఆ రోజు వాక్యాన్ని వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేవాళ్ళం.

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యమున్న గ్రామీణ కుటుంబాలు 15 శాతం లోపే. చవక డేటా వచ్చాక అది పెరిగిన మాట నిజమే. కానీ సర్వే కుటుంబాన్ని లెక్కపెడుతుంది, కుటుంబంలో ఫోన్ ఎవరి చేతిలో ఉందో లెక్కపెట్టదు. మా క్యాంపులో మగపిల్లలు రోజూ కనిపించారు. అక్కచెల్లెళ్ళు ఉన్నచోట ఒక రోజు అన్న, ఇంకో రోజు చెల్లి. చాలాసార్లు రెండు రోజులూ అన్నే.

ఇంతవరకూ అందరూ చెప్పే కథే. అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

తెర మీద మాకు మొహాలు కనపడలేదు. నల్లటి గళ్ళు కనపడ్డాయి. గడి కింద మనిషి పేరు ఉండాల్సిన చోట ఫోన్ కంపెనీ పేరు, మోడల్ నంబరు. "కెమెరా ఆన్ చేయండి తమ్ముడూ, పేరు మార్చుకోండమ్మా" అని మేము పదేపదే అడిగాం. డేటా అయిపోతుందని కొందరన్నారు. ఇల్లు బాలేదని సిగ్గుపడ్డవాళ్ళున్నారు. మిగతావాళ్ళది బద్ధకం అనుకున్నాం. రెండో రోజు రాత్రి ఒక డిగ్రీ పిల్లవాడు మాలో ఒకరికి విడిగా మెసేజ్ పెట్టాడు: "అన్నా, మీరు రికార్డు చేస్తున్నారు కదా. యూట్యూబ్‌లో పెడతారా? నాది ఎస్సీ సర్టిఫికెట్."

మేము సిగ్గుపడ్డాం. చదువుకున్నవాళ్ళం, ఈ విషయం మీద పేపర్లు రాసినవాళ్ళం, మాకు తట్టలేదు. ఇరవై ఏళ్ళు దాటని పిల్లోడికి తట్టింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువులు తప్ప వేరే మతస్థులెవరూ షెడ్యూల్డు కులస్థులు కారన్నది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరణ వచ్చింది. క్రైస్తవులకి, ముస్లింలకి రాలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకి మతంతో ముడి తీసేయమని చెప్పింది. ఎవరూ వినలేదు. ఆంధ్రా, తెలంగాణల్లో మతం మారిన దళితుడు బీసీ-సి. ఒక్క శాతం రిజర్వేషన్, అత్యాచార నిరోధక చట్టం వర్తించదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడాన్ని రాజ్యాంగంపై మోసం అన్నది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, ఆయన క్రైస్తవుడు కాబట్టి చెల్లదని కొట్టేసింది. 2021లో ఆ పిల్లవాడు భయపడింది ఊహకి కాదని తర్వాతి తీర్పులే చెబుతున్నాయి.

మరి కులం బాప్తీస్మం నీళ్ళలో కొట్టుకుపోయిందా? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో నరికినవాళ్ళు ఎవరు ఏ చర్చికి పోతారని అడిగి నరకలేదు. కొట్టేటప్పుడు మాలోడు, మాదిగోడు. కేసు పెట్టేటప్పుడు క్రైస్తవుడు. ఈ రెండు పేర్ల మధ్యనే పల్లె బతుకుతున్నది. ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఒక పేరు. దాన్ని మోసం అనేవాళ్ళు ముందు ఆ రెండో పేరు ఎవరు పెట్టించారో చెప్పాలి.

పందిరి కింద క్యాంపులో ఈ రెండు పేర్లకీ చోటుండేది. సాక్ష్యం చెప్పినవాడి మాట విన్నవాళ్ళ చెవుల్లో ఉండేది, కాగితం మీద ఉండేది కాదు. ఆన్‌లైన్ క్యాంపు ఆ మాటని రికార్డు చేసింది. రికార్డు అయిన సాక్ష్యం రేపు కోర్టులో సాక్ష్యం అవుతుంది. 'సాక్ష్యం' అన్న ఒక్క మాటకి చర్చిలో ఒక అర్థం, కచేరీలో ఒక అర్థం. మేము ఆ రెండింటినీ తెలియకుండానే ఒకటి చేశాం. టెక్నాలజీ తటస్థం అని ఎవరన్నా అంటే మేము ఈ నల్లగళ్ళని చూపిస్తాం.

అలాగని పాత క్యాంపుని పొగడటానికి మేము రాయడం లేదు. రాత్రి ఉండాల్సి వస్తుందని ఆడపిల్లల్ని పంపని ఇళ్ళు ఎన్నో. గుంటూరు లూథరన్ చర్చిల్లో ఎక్కువమంది మాలలు, ఒంగోలు బాప్టిస్టు చర్చిల్లో ఎక్కువమంది మాదిగలు అన్నది అందరికీ తెలిసిన సంగతే. మిషన్లు గీసిన గీత మీద మనం గోడ కట్టుకున్నాం. క్యాంపులూ అలాగే వేరుగా జరిగేవి. మా ఆన్‌లైన్ క్యాంపులో రెండు పల్లెల పిల్లలు మొదటిసారి ఒకే గుంపులో పడ్డారు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఒక అక్క, యజమాని ఇల్లు నిద్రపోయాక, మెల్లగా గొంతు తగ్గించి పాట పాడింది. ఏ పందిరీ ఆమెను అంత దూరం నుంచి తేలేదు. చివరి రోజు క్విజ్ ఆపేసి, ఆ నెలలో చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కరం చదివాం. కర్ఫ్యూలో సమాధి దగ్గరకి పోలేనివాళ్ళకి అదే కూడిక అయింది. అప్పుడు మాత్రం కొన్ని కెమెరాలు వాటంతటవే వెలిగాయి.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మాల పిల్లలు, మాదిగ పిల్లలు తెర మీద కలిశారు, కలిసి తినలేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు అన్నం తిని వచ్చి సమానత్వం గురించి విన్నారు. పందిరి కింద అయితే ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అన్నది మొదటి పూటే బయటపడేది. గొడవ జరిగేది. గొడవ జరిగితేనే మాట్లాడుకోవడం మొదలవుతుంది. ఆన్‌లైన్ మాకు గొడవ లేని ఐక్యత ఇచ్చింది. ఆ ఐక్యతను మేము నమ్మడం లేదు.

మూడో రోజు రికార్డింగు ఆపేశాం. ముందు రెండు రోజులవీ తుడిచేశాం. ఆ పిల్లవాడికి ఆ సంగతి చెప్పాం. "సరే అన్నా" అన్నాడు. కెమెరా మాత్రం ఆన్ చేయలేదు. చేయాల్సిన బాకీ వాడిది కాదు.

ఇప్పుడు క్యాంపులు మళ్ళీ పందిళ్ళ కిందికి వచ్చాయి. అయితే ఫోన్లు కూడా పందిళ్ళ కిందికి వచ్చాయి. ప్రతి పాటా లైవ్, ప్రతి సాక్ష్యం స్టేటస్. సంఘ పెద్దలకీ అయ్యగార్లకీ మేము చెప్పేది ఒకటే. పిల్లల్ని అడక్కుండా తీయకండి. 'దేవుని ముందు దాచేదేముంది' అనకండి, దాస్తున్నది దేవుని దగ్గర కాదు. మూడు రోజుల క్యాంపులో ఒక పూట మూడో పేరా గురించి పాఠం పెట్టండి. చర్చి దాని గురించి నోరు మూసుకున్నంత కాలం, దాని బరువు పదిహేను, ఇరవై ఏళ్ళ పిల్లలు ఒంటరిగా, ఒక నల్లటి గడి వెనక కూర్చుని మోస్తూనే ఉంటారు.