కళ్లు మూయని గుడ్డ

మా బల్ల మీద నల్లటి నిక్కరొకటి పరిచి ఉంది. నడుము నుంచి మోకాలి దాకా వస్తుంది. ఈతగాళ్లు దీన్ని జామర్ అంటారు. మడిస్తే పిడికిట్లో ఇమిడిపోతుంది, ధర మాత్రం ఇమడదు. పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే మిత్రుడొకాయన చూద్దామని వచ్చి, మంచినీళ్ల గ్లాసులో వేలు ముంచి దాని మీద ఒక చుక్క వదిలాడు. చుక్క తామరాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలిచింది.

"పాలు పట్టించారేంటి మాస్టారూ దీనికి?" అన్నాడు.

హాస్యానికి అన్నమాట కాదు. కరక్కాయా పాలూ పట్టించి ఆరేసిన గుడ్డ మీద రంగు పక్కకు పాకదు, అచ్చు వేసినచోటే కూర్చుంటుంది. గుడ్డ ఎక్కడ తాగాలో, ఎక్కడ తాగకూడదో తేల్చడమే ఆయన వృత్తి. పాలు కాదు, నీటిని విదిలించే పూత అని చెప్పాను. తలూపి, నిక్కరును తిరగేశాడు. అద్దకం మనిషి ఏ గుడ్డనైనా తిరగేసి చూస్తేగానీ మాట్లాడడు.

లోపల చూడాల్సిన పని చాలా ఉంది. రెండు ముక్కలు కలిసినచోట దారమన్నది లేదు. అంచుకు అంచు చేర్చి అతికించి, పైన పల్చటి పట్టీ నడిపించారు. గోటితో అడ్డంగా గీస్తే గోరు ఎక్కడా ఆగలేదు. నీళ్లు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన, అందులో ముందుకెళ్లే వంటికి పోగెత్తు కుట్టు కూడా అడ్డమే. మోకాలి దగ్గర అంచు మడిచి కుట్టలేదు, జారకుండా లోపల సన్నటి రబ్బరు గీత అద్దారు. ఇది బనీనులాంటి అల్లిక కాదు, పడుగూ పేకా ఉన్న నేత. అడ్డంగా లాగితే ఒక రకంగా, నిలువునా లాగితే ఇంకో రకంగా సాగుతుంది. మిత్రుడు దాన్ని రెండు చేతులా సాగదీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. "కళ్లున్నాయండోయ్," అన్నాడు. నేత కళ్లు. సూదిమొనకన్నా చిన్నవి, వరసగా వెలుగుతున్నాయి.

ఈ నిక్కరు చరిత్రంతా ఆ కళ్లలోనే ఉంది.

2008 ఫిబ్రవరిలో స్పీడో కంపెనీ ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ అనే సూటు తెచ్చింది. బట్టలను అమెరికాలో నాసా వాళ్ల గాలి సొరంగంలో పరీక్షించారు, గుడ్డ ఇటలీది, అతుకుపని పోర్చుగల్‌లో జరిగింది. సూదీ దారం లేకుండా, చెవికి వినపడని ధ్వని తరంగాలతో అతుకులు కరిగించి కలిపారు. ఛాతీ, పొట్ట, తొడల మీద పాలీయురేథేన్ పలకలు అంటించారు. బిగుతు ఎంతంటే, తొడుక్కోవడానికే ఇరవై నిమిషాల పైన పట్టేది. పనితనం అంటే అదీ పనితనమే, కాదనను. ఆ ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ ఈతల్లో 25 ప్రపంచ రికార్డులు పుట్టాయి, వాటిలో 23 ఈ సూటులోనివి. ఇంకో ఏడాదికి వేరే కంపెనీలు పలకలతో సరిపెట్టుకోకుండా సూటు మొత్తాన్నీ పాలీయురేథేన్‌తోనే చేశాయి. 2009 జులైలో రోమ్ ప్రపంచ పోటీల్లో 43 రికార్డులు పడ్డాయి. జర్మనీకి చెందిన పాల్ బీడర్మాన్ అలాంటి సూటు వేసుకుని 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 1:42.00తో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించాడు. 400 మీటర్లలో ఇయాన్ థోర్ప్ రికార్డును సెకనులో నూరోవంతు తేడాతో దాటేశాడు. అది 2025 ఏప్రిల్‌లో లూకాస్ మార్టెన్స్ వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

పాలీయురేథేన్‌కు కళ్లుండవు. నీళ్లు లోపలికి రావు, లోపలి గాలి బయటికి పోదు. వేసుకున్నవాడు తేలతాడు.

తేలడమెలాగో మా వైపు పిల్లలకు కంపెనీలు నేర్పక్కర్లేదు. బందరు కాలువలో నాకు ఈత నేర్పినప్పుడు మావయ్య నా వీపుకు రెండు ఎండు సొరబుర్రలు కట్టాడు. పులిగడ్డ అక్విడక్టు అవతల దివిసీమలో మా పెద్దమ్మ పిల్లలకు జీలుగు బెండ్లు కట్టేవారు. అరటి బోదె పట్టుకుని నేర్చినవాళ్లూ ఉన్నారు. వారం పోయాక మావయ్య ఒక బుర్ర విప్పేవాడు. ఇంకొన్నాళ్లకు రెండోదీ విప్పేవాడు. అది విప్పిన రోజే ఈత వచ్చినట్టు లెక్క. బుర్రతో అవతలి గట్టు చేరానని చెప్పుకుంటే ఊళ్లో నవ్వేవాళ్లు. (1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి దొరికిన దుంగ పట్టుకుని బతికినవాళ్ల మాట వేరు, తేలడమంటే దివిసీమలో ఎప్పుడూ ఆట ఒక్కటే కాదు.)

రెండో బుర్ర విప్పే పనినే ప్రపంచ ఈత సమాఖ్య 2010 జనవరి 1న చేసింది. అప్పటికి దాని పేరు ఫినా, ఇప్పుడు వరల్డ్ అక్వాటిక్స్. ఆ నియమాలను నేను పనితనంగానే చదువుతాను, నిక్కరు కుట్టినవాడికంటే వాటిని రాసినవాడు ఒక చెయ్యి పైనే. ఫలానా కంపెనీ వద్దు, ఫలానా రసాయనం వద్దు అని రాసి ఉంటే మర్నాటికి ఇంకో రసాయనం వచ్చేది. వాళ్లు గుడ్డంటే ఏమిటో నిర్వచించారు. విడివిడి పోగులతో నేసిందో అల్లిందో అయితేనే గుడ్డ. మందం 0.8 మిల్లీమీటర్లు దాటకూడదు. గుడ్డను 25 శాతం సాగదీసి పెట్టి గాలి పంపితే, చదరపు మీటరులో సెకనుకు 80 లీటర్లకు పైగా అవతలికి పోవాలి. పూత పూసుకోవచ్చు, కానీ ఆ పూత నేత కళ్లను మూయకూడదు. పోగుకు నూనె రాసుకో, కన్ను జోలికి మాత్రం వెళ్లకు అన్నట్టు. మా మిత్రుడు ఈ వాక్యం విని, "ఇది నేతగాడు రాసిందే," అని తేల్చేశాడు.

తేలుడుకు పెట్టిన హద్దు అర న్యూటను. గుడ్డలో ఇరుక్కున్న గాలిని ముందు వాక్యూముతో లాగేసి కొలుస్తారు. మన భాషలో అది సుమారు 50 గ్రాములు, ఒక కోడిగుడ్డు బరువు. అంతకుమించి సూటు మోయకూడదు. మగవాళ్లకు బొడ్డు కింద నుంచి మోకాలి దాకా, ఆడవాళ్లకు భుజాల నుంచి మోకాలి దాకా. జిప్పు లేదు. కుట్లు కలపడానికే ఉండాలి, పైకి ఆకారాలు చూపకూడదు.

నేను దిగేవి మాస్టర్స్ పోటీలు. 25 నిండినవాళ్లు ఎవరైనా రావచ్చు, ఐదేసి ఏళ్లకొక వర్గం. ఒలింపిక్ పతకాలతో పనిలేని బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, డాక్టర్లు, తాతలు. వీళ్లకెందుకు ఈ కొలతలని అడిగేవాళ్లున్నారు. నా అనుభవంలో వీళ్లకే ఎక్కువ కావాలి. నడివయసులో ఈత పట్టినవాడి లోపం చేతుల్లో ఉండదు, నడుము కింద ఉంటుంది. కాళ్లు దిగిపోతాయి. ఆ కాళ్లను గుడ్డే ఎత్తిపెడితే పందెం ఎవరి మధ్యన జరిగినట్టు? మాస్టర్స్ నియమాలు వయసుకు చాలా ఇచ్చాయి. దిమ్మె మీంచి దూకలేకపోతే నీళ్లలోంచే గోడ తన్ని బయల్దేరవచ్చు, బటర్‌ఫ్లైలో కప్పకాలు తన్నినా తప్పు పట్టరు. గుడ్డ దగ్గరికొచ్చేసరికి కుర్రాళ్లకు ఉన్న నియమమే.

అయితే చిన్న ఊళ్లో కొలను గట్టున గాలి లీటర్లు కొలిచేదెవరు? ఈల పట్టుకున్న ఒక పెద్దమనిషి తప్ప అక్కడ యంత్రం లేదు. ఏర్పాటులో నేర్పు ఇక్కడుంది. కొలిచేది ఒక్కసారి, ప్రయోగశాలలో, ఆ నమూనా మొత్తానికి. పాసైన సూటు వెనకవైపు ఆమోద ముద్రా, సంఖ్యా ఉంటాయి. గట్టున చూడాల్సింది ఆ ముద్రనే.

నేను అక్కడే దొరికిపోయాను. కొన్నేళ్ల కిందట, నడుము వదులుగా ఉందని, మాకు తెలిసిన దర్జీ చేత వెనక ఒక మడత వేయించాను. ఆయన చక్కగా వేశాడు, పైకి తెలియనంతగా. ఆ మడతలోకి ముద్ర సగం వెళ్లిపోయింది. రిఫరీ వేలుపెట్టి తడిమి, "మార్చారాండీ?" అని అడిగాడు. ఆమోదం పొందిన సూటు అందరికీ ఒక్కలాగే ఉండాలి, ఒకరి ఒంటికని మార్చకూడదు, వాడేముందు ఏమీ పూయకూడదు. కొలతలిచ్చి కుట్టించుకోవడమే మర్యాద అనుకునే ఊరివాణ్ణి, నాకు ఆ సంగతి తట్టలేదు. పక్కవాడి పాత నిక్కరు అరువు తెచ్చుకుని ఈదాను. అది నా కొలతకు సరిపోలేదనీ, ఐదో స్థానం వచ్చిందనీ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడున్నది ఆ తర్వాత కొన్నది. క్లోరిన్ నీళ్లలో నాలుగు పోటీలైంది. నీడపట్టున ఆరేస్తాను, పిండను. మొన్న పెడన మిత్రుడు మళ్లీ వచ్చి, అదే చోట చుక్క వదిలాడు. కాసేపు గుండ్రంగా నిలిచింది, అంచులు తడబడ్డాయి, మెల్లగా గుడ్డలోకి దిగిపోయింది.

"పాలు వదిలేసిందండీ," అన్నాడు.