నెరవులో విరిగిన మాట

డిసెంబర్ చెన్నై ఇప్పుడు మంచి వీకెండ్ ప్యాకేజీ. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో రైలెక్కితే శనివారం పొద్దున్నే దిగొచ్చు. మైలాపూర్‌లో ఇడ్లీ, కపాలీశ్వరుడి గుడి, మధ్యాహ్నం సభ క్యాంటీన్‌లో అరిటాకు భోజనం, సాయంత్రం కచేరీ, ఆదివారం మెరీనా. ఇలాంటి రీల్స్ బోలెడు. మేమిద్దరం కూడా అదే వరసలో వెళ్లాం. తను తిరుచ్చి అబ్బాయి, చిన్నప్పుడు ఆరేళ్లు వయొలిన్ నేర్చుకున్నాడు. నాకు రాగాలు తెలియవు, తెలుగు తెలుసు. ఆ సాయంత్రం విన్న ఒక త్యాగరాజ కృతి మా ఇద్దరికీ రెండు వేరే పాటల్లా ఎందుకు వినిపించిందో చెప్పాలని ఇది రాస్తున్నా.

సభ పేరూ గాయని పేరూ ఇక్కడ అనవసరం. గొంతు మాత్రం గొప్పది. ప్రధానాంశం తోడి. ఆలాపన అయింది, కృతి అయింది, నెరవు మొదలైంది. నెరవు అంటే సాహిత్యంలో ఒక పాదం తీసుకుని, దాని అక్షరాలు తాళంలో ఉన్నచోటే ఉండేలా చూసుకుంటూ, చుట్టూ రాగాన్ని కొత్తకొత్తగా అల్లడం. అదే పాదం మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి కచేరీ మొత్తంలో మాటకి ఎక్కువ బలం ఉండే చోటు అదే. సరిగ్గా అక్కడే మాట విరిగింది. క్రియాపదంలో సగం ముందు మాటకి అతుక్కుపోయింది, మిగతా సగం దిక్కులేనట్టు సాగింది. పైగా ఆ పాదం రాముణ్ణి చనువుగా దెప్పే ప్రశ్న. ఆమె దాన్ని కళ్లు మూసుకుని వేడుకోలుగా పాడింది. పక్కన తను కళ్లు తుడుచుకుంటున్నాడు.

కచేరీ అయ్యాక క్యాంటీన్‌లో కీరై వడ, ఫిల్టర్ కాఫీ ముందు పెట్టుకుని గొడవపడ్డాం.

"అర్థం తెలిసుంటే ఏడ్చేవాడివి కాదు, నవ్వేవాడివి" అన్నాను.

"నువ్వు తోడి వినలేదు, డిక్షనరీ విన్నావ్" అన్నాడు.

గాయని వైపు నుంచి కూడా చూడాలి. తమిళ లిపిలో క, గ ఒకే అక్షరం. త, ద కూడా అంతే. అందుకే తమిళంలో అచ్చయ్యే కృతుల పుస్తకాల్లో అక్షరానికి అంకె తగిలించి ఏ ధ్వనో గుర్తు చేస్తారు. ఇంత శ్రమపడి మరో భాష పాటల్ని నేర్చుకునేవాళ్లని వెక్కిరించే హక్కు మనకి లేదు. కొన్ని కృతుల్లో వరసే మాటని రెండుగా కోస్తుంది, అది కూడా గాయకుల తప్పు కాదు. కానీ నెరవు సంగతి వేరు. ఏ పాదం ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్షరాన్ని సాగదీయాలో పాడేవాళ్ల చేతిలోనే ఉంటుంది. అంకెలు ధ్వనిని చెప్తాయి, వెటకారాన్ని చెప్పలేవు. దాన్ని ఎవరో ఒకరు అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇక మన గర్వం సంగతి. త్యాగరాజు (1767–1847) తిరువారూర్‌లో పుట్టి, తిరువయ్యారులో బతికి, తెలుగులో రాశాడు. ఆ పాటల్ని ఇంతదాకా మోసుకొచ్చిన శిష్యుల్లో, శ్రోతల్లో ఎక్కువమంది తమిళులే. 1940లలో వాళ్లలోనే కొందరు, మాకు అర్థమయ్యే భాషలో పాడండి అని అడిగారు. రాజా అన్నామలై చెట్టియార్ ఆ ఉద్యమం వెనక నిలబడ్డారు, 1943లో తమిళ ఇసై సంగం ఏర్పడింది. ఈ కథని తెలుగు మీద కోపంగా చెప్పుకోవడం మనకి అలవాటు. కానీ క్యాంటీన్‌లో నేను చేసిన ఫిర్యాదు కూడా అదే కదా: పాట మాటగా అర్థం కావాలని. అప్పుడు వాళ్లు అడిగింది న్యాయమైతేనే ఇప్పుడు నేనడిగేదీ న్యాయం. "సంగీతానికి భాష లేదు" అన్న సర్దుబాటు మాట మా ఇద్దరి ప్రశ్ననీ ఒకేసారి పక్కకి నెట్టేస్తుంది.

ఆదివారం మెరీనా మానేసి రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారకానికి వెళ్లాం. 1952 అక్టోబర్ 19న ఆయన దీక్షకి కూచున్న బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. అకాడమీకి ఇదేం పెద్ద దూరం కాదు, నెల కూడా కచేరీల నెలే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. తిరుచ్చిలో తను చదివిన స్కూలు పుస్తకాల్లో ఈ పేరు లేదన్నాడు. మా పుస్తకాల్లో తమిళ ఇసై లేదన్నాను. ఒకే ఊరి చరిత్రని ఇద్దరం చెరో సగం నేర్చుకుని వచ్చాం.

సీజన్ రివ్యూలు కొన్ని చదివాను. రాగాల జాబితా, కల్పనస్వరాల లెక్క, పక్కవాద్యాల మెప్పు, చివర్లో "భావపూరితంగా" అనే మాట. ఏ భావం? నెరవుకి ఎత్తుకున్న పాదం ఏమంటోందో ఒక్కరూ రాయరు. పాడే ముందు ఆ పాదం అర్థం రెండు వాక్యాల్లో చెప్తే కచేరీకి పట్టే సమయం అర నిమిషం. మన వైపూ పని ఉంది. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకి టికెట్ కూడా ఉండదు. "మన తెలుగు పాట" అనేవాళ్లం రెండు మధ్యాహ్నాలు అక్కడ కూచుని, తోడికీ కల్యాణికీ తేడా పట్టుకోవడం నేర్చుకుంటే, మన ఫిర్యాదుకి కాస్త బరువొస్తుంది.

తిరుగు రైల్లో తను నాకు తోడి గాంధారం పాడి చూపించాడు. అది ఒకచోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపులో దెప్పడమూ పడుతుంది, వేడుకోవడమూ పడుతుంది అంటాడు. విన్నాక నాకూ నిజమే అనిపించింది. అయితే ఆ రెండింట్లో తను ఏది పాడుతోందో గాయనికి తెలిసుండాలి.