యజ్దానీ గారి బీదరు గ్రంథం – ఆనర్సు విద్యార్థి దృష్టితో

నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పినప్పుడు దానికి తొలి డైరెక్టరు గులాం యజ్దానీ గారు. బీదరు చరిత్రను, కట్టడాలను గురించి ఆయన రాసిన ఆంగ్ల గ్రంథం 1947లో వెలువడింది. విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రాన్ని ఆనర్సు స్థాయిలో చదవదలచిన మన యువతీ యువకులకు దీన్ని మొదటి పుస్తకంగా ఇవ్వవచ్చునా? ఇవ్వవచ్చు. అయితే ఎలా చదవాలో చెప్పి మరీ ఇవ్వాలి.

సాధారణ డిగ్రీ విద్యార్థికి ఒక కట్టడం ఎప్పటిదో తెలిస్తే చాలు. అది అప్పటిదని ఎలా తెలిసిందో ఆనర్సు విద్యార్థి నిరూపించగలగాలి. బీదరు కోటలోని సోలా ఖంబా మసీదునే తీసుకుందాం. బహమనీల రాజధాని గుల్బర్గా నుంచి బీదరుకు మారిన సంవత్సరాన్ని చరిత్రకారులు 1424 మొదలు 1430 వరకు రకరకాలుగా చెబుతారు. ఈ మసీదుకు చెందిన పారశీక శాసనం మాత్రం హిజ్రీ 827, అనగా 1423–24 నాటిది. అంటే రాజధాని మార్పు పూర్తికాక మునుపే ఇక్కడ ఇంత పెద్ద మసీదు వెలసిందన్నమాట. ఒక్క రాయి ఎంత పని చేసిందో చూడండి! ఎపిగ్రాఫియా ఇండో-ముస్లిమికాకు ఏళ్ళ తరబడి సంపాదకత్వం వహించిన యజ్దానీ గారికి ఇటువంటి రాళ్ళను పలికించడం వెన్నతో పెట్టిన విద్య.

గ్రంథం బలమూ అక్కడే, బలహీనతా అక్కడే. శాసనం ఉన్నచోట ఆయన మాట స్థిరంగా ఉంటుంది. అది లేనిచోట కట్టడపు శైలి, పాత చరిత్రల కథనం, స్థానికుల మాట ఇవే ఆధారాలు. హదీసు విద్యలో మనం సనదు అడుగుతాం: ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు అని. తవ్వకంలో దొరికిన వస్తువుకు అది దొరికిన మట్టి పొరే సనదు. పొర తెలియని కుండపెంకు అందంగా ఉండవచ్చు, సాక్ష్యానికి మాత్రం పనికిరాదు. ఇది కట్టడాల సర్వే గ్రంథమే గాని, పొరల వారీ తవ్వకపు నివేదిక కాదు. ఆ పద్ధతిని వీలర్ 1944లో తక్షశిల శిక్షణ శిబిరంలో విద్యార్థులకు నేర్పాడు. ఈ గ్రంథం వెలువడిన 1947లోనే బ్రహ్మగిరిలో అమలు చేశాడు. అందుకు యజ్దానీ గారిని తప్పు పట్టనక్కర లేదు. కూలిపోతున్న గోడలను నిలబెట్టడం ఆయన ముందున్న మొదటి పని.

మరో లోటు ఉంది. మహ్మూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా కొలతలు, పలకల పనితనం, 1696 నాటి పేలుడులో కలిగిన నష్టం మనకు తెలుస్తాయి. ఆ గదుల్లో ఉండి చదువుకున్న విద్యార్థులు ఏ పాత్రల్లో తిన్నారో, ఏ దీపం వెలుగులో పాఠం చూసుకున్నారో తెలియదు. ఊరి కుమ్మరి, నేతగాడు, బిద్రీ పనివాడు కూడా సుల్తానుల సమాధుల వెనక మరుగున పడిపోయారు.

నేడు తవ్వకం నేర్చిన విద్యార్థుల్లో చాలామందికి అరబీ, పారశీకాలు రావు. ఆ భాషలు చదివిన మన మదరసా విద్యార్థులు తవ్వకం వైపు చూడరు. ఆనర్సులో చేరే మన పిల్లలు బీదరు వెళ్ళేటప్పుడు ఈ గ్రంథాన్ని చేతపట్టుకుని వెళ్ళాలి. సోలా ఖంబా వద్ద ఆగి, ఆ రాయి మొదటి నుంచీ అక్కడిదేనా, మరో చోటి నుంచి వచ్చిందా అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి.