నాన్న కథలూ, నా గర్వమూ

కన్నతండ్రి పుస్తకాన్ని కూతురు సమీక్షించడం సబబేనా? సంపాదకులు అడిగినప్పుడు ముందు వద్దనే అన్నాను. నాన్నే పట్టుబట్టారు. "పొగడ్డానికి అందరూ ఉన్నారు. నువ్వు చదివి చెప్పమ్మా" అన్నారు.

నాన్న ముప్ఫై రెండేళ్లు బస్సు కండక్టరు. యాభై ఎనిమిదో ఏట ఉద్యోగ విరమణ చేశాక కథలు రాయడం మొదలుపెట్టారు. డెబ్బయ్యో ఏట పద్నాలుగు కథల సంపుటి వచ్చింది. ఆవిష్కరణ సభలో మాట్లాడిన ప్రతి ఒక్కరూ "ఈ వయసులో!" అని ఆశ్చర్యపోయారు. ముందు వరసలో కూర్చుని నేనూ పొంగిపోయాను. ఇంటికొచ్చాక ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది. వయసును మెచ్చుకోవడం రచనను మెచ్చుకోవడం కాదు. అసలు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ మనిషి అరవై దగ్గరపడేదాకా ఎందుకు రాయలేకపోయాడు? తెల్లవారుజామున అయిదింటి సర్వీసుకు వెళ్లి, రాత్రి క్యాష్ కట్టి ఇల్లు చేరేవాడికి కలం పట్టే తీరిక ఎక్కడిది? తీరిక కూడా ఒక ఆస్తే. మిగతా ఆస్తుల్లాగే అదీ ఈ సమాజంలో అందరికీ సమంగా దక్కడం లేదు.

ఈ సందర్భంలో పోర్చుగీసు నవలాకారుడు జోసే సరమాగో గుర్తొస్తాడు. 1922లో భూమిలేని కుటుంబంలో పుట్టాడు. మెకానిక్కుగా పనిచేశాడు. 1947లో మొదటి నవల అచ్చయింది. తర్వాత ముప్ఫై ఏళ్లదాకా మరో నవల వెలువడలేదు. 1975లో పత్రికలో ఉద్యోగం పోయింది. మరుసటి సంవత్సరం అలెంతేజు ప్రాంతపు వ్యవసాయ కూలీల మధ్యకు వెళ్లి, కొన్ని వారాలుండి వాళ్ల మాటలు విన్నాడు. ఆ కూలీల తరతరాల బతుకే 1980లో నవలగా వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై ఏడేళ్లు. కొటేషన్ గుర్తులు లేకుండా, కామాలతో సాగిపోయే ఆయన సంభాషణా శైలి ఆ నవలతోనే రూపుదిద్దుకుంది. 1998లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. "ఆలస్యంగానైనా గెలిచాడు" అన్నది ఇందులో పాఠం కాదు. కూలీల మాట శ్రద్ధగా వినడంలోంచే ఆయన శిల్పం పుట్టిందన్నది పాఠం.

నాన్న కథల బలమూ వినడంలోనే ఉంది. చిల్లర దగ్గర తగవు, స్టేజీ వచ్చేలోగా ఎస్సార్ రాసుకునే తొందర, చెకింగువాళ్లు ఎక్కగానే మారిపోయే ముఖాలు. ఇవి ఊహించి రాసినవి కావు. ఛార్జీకి రెండు రూపాయలు తక్కువైన ముసలమ్మ కథలో కండక్టరు దయామయుడు కాదు. ఆమెను దింపేస్తాడు. ఆ తర్వాత టిక్కెట్లు కొడుతూనే ఉంటాడు గాని లెక్క తప్పుతుంటుంది. అంతే, కథ అయిపోతుంది. ఈ నిగ్రహం చేయి తిరిగిన కథకుల్లోనూ అరుదు.

సమ్మె కథ మాత్రం అలా లేదు. చివరి రెండు పేజీలూ ఉపన్యాసమే. పాత్రలు నోరు మూసుకున్నాయి, రచయిత మాట్లాడాడు. వస్తువు మంచిదైనంత మాత్రాన శిల్పలోపాన్ని మన్నించనక్కర్లేదు.

ఇంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. పద్నాలుగు కథల్లోనూ కండక్టరు బస్సెక్కుతాడు గాని, ఇల్లు కదిలి రావడం ఎక్కడా కనిపించదు. మూడింటికి లేచి క్యారేజీ కట్టిన మనిషి ఒక్క కథలోనూ లేదు. ఆ మనిషి మా అమ్మ. నాన్న కాలాన్ని ఉద్యోగం తినేసింది. అమ్మ కాలాన్ని మేమందరం తిన్నాం. నాన్నకు రిటైర్మెంటు వచ్చింది, కథలు రాశారు. ఆ రాతబల్ల మీదికి ఇప్పటికీ కాఫీ తెచ్చిపెట్టే అమ్మకు అది రానేలేదు. శ్రమను గురించి రాసేవాడికి పక్కనున్న శ్రమ కనపడకపోతే, అది జ్ఞాపకశక్తి లోపం కాదు, దృక్పథంలో లోపం.

ఈ వ్యాసాన్ని ఇంతవరకూ రాసి నాన్నకు చదివి వినిపించాను. చివరికి వచ్చేసరికి నా గొంతు తడబడింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నేను లేచేసరికి క్యారేజీ సిద్ధంగా ఉండేది. మీ అమ్మ ఎన్నింటికి లేచేదో ఎన్నడూ అడగలేదు" అన్నారు. మర్నాడు పొద్దున్న వంటింటి గడప దగ్గర కూర్చుని ఆమెను అదే అడుగుతుంటే విన్నాను.

సభలో కలిగిన గర్వం కంటే ఇది పెద్దది. ఆ కథ వచ్చిన రోజున దాన్నీ ఇలాగే చదువుతాను.